ఫిర్యాదుల యాప్ వచ్చినంత మాత్రాన నగర నిర్ణయాల్లో పౌరులకు పాత్ర వచ్చినట్టేనా? తిరుపతి కాలనీ సంఘానికి ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. తిరుపతిలో పల్లపు ప్రాంతంలో ఉన్న ఒక కాలనీ సంక్షేమ సంఘానికి మీరు కార్యదర్శి. మురుగుకాలువ పొంగుతోందని యాప్‌లోనూ, వాట్సాప్‌లోనూ, సోమవారం అర్జీల్లోనూ చాలాకాలంగా ఫిర్యాదు చేస్తున్నారు. ప్రతిసారీ సమస్య పరిష్కారమైనట్టు సందేశం వస్తోంది, పెద్ద వాన పడితే మాత్రం నీళ్లు మళ్లీ గడప దాకా వస్తున్నాయి. డిజిటల్ పాలన వల్ల నగరాభివృద్ధిలో పౌరులకు నిజంగా పాత్ర దొరుకుతుందా, దొరకాలంటే మీలాంటి సంఘం ఏం చేయాలి అన్నది మీరు అడిగినది.

సూటిగా చెబుతాను. పాత్ర దొరుకుతుంది, కానీ ఫిర్యాదు ద్వారా దొరకదు. ఫిర్యాదు అనేది నిర్ణయం అయిపోయిన తరువాత మనం చేసే పని. పాలుపంచుకోవడమంటే పనికి ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) తయారు కాకముందే మన మాట అక్కడికి చేరడం. మీ చేతిలో ఉన్న ఫోనును, ఇన్నాళ్లూ పెట్టిన ఫిర్యాదులను ఆ రెండో పనికి ఆధారాలుగా మార్చుకుంటే డిజిటల్ పాలన మీకు పనికొస్తుంది. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా పట్టణాల్లో పురపాలక ఇంజినీరింగ్ విభాగంలో చాలాకాలం పనిచేశాను. పదవీ విరమణ తరువాత కాలనీ సంఘాలకు బడ్జెట్ ప్రతిపాదనలు, సమాచార హక్కు దరఖాస్తులు రాసుకోవడంలో తోడ్పడుతున్నాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

ముందుగా, సమస్య తీరకపోయినా ఫిర్యాదు ఎందుకు మూతపడుతుందో తెలియాలి. ఫిర్యాదు నమోదు కాగానే సాఫ్ట్‌వేర్ దానికి ఒక వర్గాన్ని, ఒక గడువును, ఒక బాధ్యుడిని కేటాయిస్తుంది. కాలువ పొంగుతోందని రాస్తే అది పూడిక కింద పడి పారిశుద్ధ్య విభాగానికి వెళ్తుంది. వాళ్లు మనుషులను పంపి పూడిక తీయించి, ఫొటో ఎక్కించి, ఫిర్యాదును మూసేస్తారు. చాలాసార్లు ఇందులో మోసమేమీ ఉండదు, వాళ్ల పరిధిలోని పని వాళ్లు చేశారు. అయితే కాలువ పొంగడానికి అసలు కారణం నాలుగు వీధుల దిగువన ఉన్న ఇరుకు కల్వర్టు (రోడ్డు కింద నుంచి నీళ్లు పోయే తూము) కావచ్చు. దాన్ని వెడల్పు చేయాలంటే ఇంజినీరింగ్ విభాగం ఎస్టిమేట్ వేయాలి, సాంక్షన్ రావాలి, టెండరు పిలవాలి. అది కొన్ని రోజుల ఫిర్యాదు గడువులో ఇమిడే పని కాదు. గడువు దాటిన ఫిర్యాదు పైఅధికారి తెర మీద ఎర్రగా కనిపిస్తుంది గనుక, దాన్ని తెరిచి ఉంచడం కంటే మూసేయడమే కిందిస్థాయి ఉద్యోగికి క్షేమంగా అనిపిస్తుంది.

దీనికి తోడు తిరుపతిలో పరిధుల చిక్కు ఉంది. ఒకే వర్షపునీటి దారి దేవస్థానం రోడ్డు పక్క మొదలై, నగరపాలక సంస్థ కాలువలో కలిసి, రోడ్లు భవనాల శాఖ కల్వర్టు దాటి, రైల్వే కట్ట కింద నుంచి వెళ్లి, చివరికి శివారు పంచాయతీలో తేలవచ్చు. ఏ ఒక్క సంస్థ యాప్ అయినా తన హద్దు వరకే చూస్తుంది. నీటికి ఆ హద్దులతో పని లేదు. కాబట్టి ఫిర్యాదు తిరస్కరణకు గురైతే ‘మా పరిధిలోనిది కాదు’ అనే జవాబునైనా రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరి పరిధి ఎక్కడ ఆగుతుందో చెప్పే కాగితం తరువాత కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ముందు చాలా విలువైన ఆధారం అవుతుంది, ఎందుకంటే వేర్వేరు శాఖలను ఒకే చోట కూర్చోబెట్టగల అధికారం అక్కడే ఉంది.

ఇక పనిచేసిన పద్ధతి చెబుతాను. తిరుపతి శేషాచలం పాదంలో ఉంది. కపిలతీర్థం, మాల్వాడి గుండం వైపు నుంచి కొండనీళ్లు పట్టణంలోకి దిగి, వాలు వెంబడి స్వర్ణముఖి వైపు సాగుతాయి. దారిలో ఉన్న చెరువులు, కుంటలు, వాగుల మీద ఇళ్లు, రోడ్లు లేచాయి. 2021 నవంబరులో కురిసిన వానలకు పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండటం ఇక్కడివారెవరూ మరచిపోలేదు. ఆ తరువాతి వానాకాలంలో నేను తోడ్పడిన ఒక కాలనీ సంఘం ఫిర్యాదులు పెట్టడం ఆపలేదు గానీ, దానితో పాటు ఇంకో పని మొదలుపెట్టింది. వాన పడినప్పుడల్లా వీధికి ఒకరు చొప్పున స్థలం, సమయం నమోదయ్యే విధంగా ఫొటో తీశారు. నీళ్లు ఎక్కడ మొదట నిలిచాయి, ఎంతసేపు నిలిచాయి, ఎటు నుంచి వచ్చాయి అనేవి రాసుకున్నారు. వానలు తగ్గుముఖం పట్టేసరికి ఆ ఫొటోలన్నీ ఒక ఆన్‌లైన్ మ్యాప్ మీద గుర్తులుగా పెట్టి చూస్తే, నీళ్లు నిలిచిన చోట్లన్నీ ఒకే కల్వర్టుకు ఎగువన ఉన్నాయి. కల్వర్టుకు దిగువన ఒక్క గుర్తు కూడా లేదు. ఇంజినీరుకు ఇంతకంటే స్పష్టమైన ఆధారం అవసరం లేదు. వేర్వేరు వీధుల నుంచి వచ్చిన డజన్ల కొద్దీ పూడిక ఫిర్యాదులు చెప్పలేకపోయిన విషయాన్ని ఆ ఒక్క మ్యాప్ చెప్పింది.

అయినా మ్యాప్ చూపించినంత మాత్రాన పని జరగలేదు. అది సరైన సమయానికి వెళ్లింది గనుక జరిగింది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. వచ్చే ఏడాది పనుల జాబితాకు డివిజన్ల (నగరంలోని వార్డుల) వారీగా ప్రతిపాదనలు కూడేది దానికి చాలా ముందే. నా అనుభవంలో నవంబరు నుంచి జనవరి వరకు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), డీఈల (డిప్యూటీ ఇంజినీర్ల) బల్లల మీద పనుల పేర్లు చేరతాయి, ఫిబ్రవరి దాటిన తరువాత వచ్చిన విన్నపం ఎంత న్యాయమైనదైనా ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే మాటే వింటుంది. ఆ సంఘం డిసెంబరులోనే కల్వర్టు ప్రతిపాదనను ఏఈకి, కార్పొరేటరుకు, కమిషనరు కార్యాలయానికి ఒకే రోజు ఇచ్చి రశీదులు తీసుకుంది. ఎస్టిమేట్ వేసేటప్పుడు ఏఈ ఆ మ్యాప్‌ను పక్కన పెట్టుకునే కొలతలు తీశారు. పాలకవర్గం ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా ఈ క్రమం పెద్దగా మారదు. మీ సంఘం పంచాంగంలో సంక్రాంతికి ముందు రెండు నెలలను దీనికోసం కేటాయించుకోండి.

పని మంజూరైన తరువాత కూడా పౌరుల బాధ్యత ఉంటుంది, అక్కడ సమాచార హక్కు చట్టం తోడవుతుంది. 2005 నాటి ఈ చట్టాన్ని చాలామంది కాగితాల నకళ్ల కోసమే వాడతారు. సెక్షన్ 2(జె) ప్రకారం పౌరుడికి జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఎస్టిమేట్, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకంలోని (చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకం) సంబంధిత పేజీలు అడగండి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోయినా అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు. అదే చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్లు, ఖర్చులు, నిర్ణయాలు తీసుకునే విధానం వంటివి ఎవరూ అడగకుండానే కార్యాలయాలు ప్రకటించాలి. నిజమైన డిజిటల్ పాలనకు పునాది నా దృష్టిలో ఇదే. వార్డుకు మంజూరైన ప్రతి పని, దాని మొత్తం, కాంట్రాక్టరు, ముగింపు తేదీ పౌరుడు అడగకముందే వెబ్‌సైట్‌లో కనిపించే రోజు వస్తే, ఫిర్యాదుల యాప్‌ల అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఇక్కడ సేవలకు, పాలనలో పాత్రకు ఉన్న తేడా గురించి రెండు మాటలు చెప్పాలి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ 161 సేవలతో వచ్చింది. పన్ను కట్టడానికి, ధ్రువపత్రాలకు కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేకుండా చేయడం చిన్న విషయం కాదు, వృద్ధులకు, కూలి పోగొట్టుకోలేని వాళ్లకు అది పెద్ద ఊరట. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాలు కూడా ప్రభుత్వాన్ని వీధి చివరికి తెచ్చాయి. అయితే ఈ రెండింటిలోనూ పౌరుడు సేవ అందుకునేవాడే. ఏ వీధికి ముందు కాలువ కావాలి, ఏ కుంటను పూడ్చకుండా కాపాడాలి అనే ప్రశ్న అక్కడ అతనిని ఎవరూ అడగరు. సేవ సులభమైనంత మాత్రాన పాత్ర దక్కిందని అనుకోవద్దు.

ఆ ప్రశ్న అడగవలసిన వేదికల విషయంలో తిరుపతి చరిత్ర కొంత విచారం కలిగిస్తుంది. పట్టణం 2007లో నగరపాలక సంస్థ అయింది, దానికి మొదటి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే 14 ఏళ్లు ఎన్నికైన పాలకవర్గం లేకుండానే నగరం పెరిగింది. 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీగా ఎంపికైనదీ, ఆ పథకం కోసం ప్రత్యేక కంపెనీ ఏర్పడినదీ ఆ కాలంలోనే. ప్రతిపాదనల దశలో ఆన్‌లైన్ వేదికల మీద పౌరుల అభిప్రాయాలు సేకరించారు, కానీ వాటిని పట్టుకుని సంవత్సరాల తరబడి అడగవలసిన కార్పొరేటర్లు అప్పుడు లేరు. కమాండ్ కంట్రోల్ సెంటర్ (నగరాన్ని కెమెరాలతో గమనించే కేంద్రం) కెమెరాలు వీధిని చూపించగలవు, వీధి తరఫున వాదించలేవు. ఆ పథకం 2025 మార్చి 31తో ముగిసింది. దాని కింద వచ్చిన వసతుల నిర్వహణ ఖర్చు ఇకపై నగరం సొంత ఆదాయం మీదే పడుతుంది గనుక, ఆ లెక్కలు అడగడం కూడా కాలనీ సంఘాల పనే.

వార్డు కమిటీల సంగతి ఇంకా ముఖ్యమైనది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం, అధికరణ 243ఎస్ కింద 3 లక్షలు అంతకు మించి జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు తప్పనిసరి. రాజ్యాంగం దృష్టిలో జనాభా అంటే చివరిసారి ప్రచురించిన జనగణన లెక్క. 2011 లెక్కల్లో తిరుపతి 3 లక్షలకు కొంచెం దిగువన ఆగింది. 2021 జనగణన జరగలేదు. అంటే ఈనాటి నగరం ఎంత పెరిగినా, ఆ అధికరణ పెట్టే నిర్బంధానికి పాత లెక్కే కొలమానం. కొత్త జనగణన ఫలితాలు ప్రచురితమైన రోజున ఈ విషయం గట్టిగా అడగడానికి సంఘాలు ఇప్పటి నుంచే సిద్ధం కావాలి. అంతవరకు ప్రభుత్వం తలుచుకుంటే కమిటీలు వేయడానికి రాజ్యాంగం అడ్డు చెప్పదు.

చెత్త విషయంలో ఒక అనుభవం చెబుతాను, ఎందుకంటే డిజిటల్ కొలత దారి తప్పితే ఏమవుతుందో అందులో తెలుస్తుంది. ఒక పట్టణంలో ప్రతి ఇంటి గోడకూ క్యూఆర్ కోడ్ అతికించి, చెత్త తీసుకున్నప్పుడల్లా కార్మికులు దాన్ని స్కాన్ చేయాలన్నారు. తెర మీద ప్రతిరోజూ నూటికి తొంభైకి పైగా ఇళ్లు పచ్చగా కనిపించేవి. వీధుల్లో మాత్రం చెత్త అలాగే ఉండేది. స్కాన్ చేయకపోతే జీతం కోత పడుతుందన్న భయంతో కార్మికులు బండి రాకపోయినా నడుచుకుంటూ వెళ్లి కోడ్‌లు స్కాన్ చేసేవారు. తప్పు వాళ్లది కాదు, కొలవడానికి ఎంచుకున్న అంశానిదే. ప్రాసెసింగ్ కేంద్రానికి చేరిన తడి చెత్త, పొడి చెత్త బరువును వార్డుల వారీగా రాసి ప్రకటించమని మేము కోరాం. అలా ప్రకటించడం మొదలైన తరువాతే ఏ వార్డుకు బండ్లు తక్కువ వెళ్తున్నాయో బయటపడింది. తిరుపతి చెత్త తూకివాకం చేరుతుంది. మీ డివిజన్ నుంచి అక్కడికి రోజూ ఎంత బరువు, ఎంత వేరుచేసిన రూపంలో చేరుతోందో అడగండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లోనే తడి, పొడి, హానికర చెత్తను వేరుచేయమన్నాయి. మనం వేరుచేసి ఇచ్చినది బండిలో మళ్లీ కలిసిపోతోందో లేదో ఆ అంకెలే చెబుతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయానికి వస్తాను. ఫిర్యాదుల సంఖ్య అవసరానికి కొలమానం కాదు. యాప్‌లో వచ్చిన ఫిర్యాదులను మ్యాప్ మీద పెడితే, ఫోనూ తీరికా చదువూ ఉన్న కాలనీలు సమస్యలతో నిండిపోయినట్టు, కొండవాలు పేటలు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మ్యాప్ చూసి నిధులు పంచితే ఉన్నవారికే మళ్లీ చేరతాయి. ఒక పట్టణంలో అలాంటి పేట నుంచి నీటి సరఫరా మీద ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదని సమీక్షలో సంతోషంగా చెప్పారు. నాకు నమ్మకం కలగక, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల ఆర్పీలను (రిసోర్స్ పర్సన్లను) వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంటింటికీ కుళాయి ఎప్పుడు వస్తుందో, ఎన్ని బిందెలు నిండుతాయో వాళ్లు కాగితం మీద రాశారు. నీళ్లు అర్ధరాత్రి దాటాక వస్తున్నాయి. ఆడవాళ్లు నిద్ర మానుకుని పట్టుకుని, తెల్లవారాక వేరే ఇళ్లల్లో పనికి వెళ్తున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మగవాళ్ల జేబులో ఉంది. ఆ కాగితాల వివరాలను సంఘం కంప్యూటరులోకి ఎక్కించిన తరువాతే సరఫరా వేళల మీద చర్చ మొదలైంది. మీ కాలనీకి ఆనుకుని అలాంటి పేట ఉంటే వాళ్లనూ కలుపుకోండి. నీళ్లు ఎలాగూ మీ ఇద్దరి వీధుల గుండానే పారుతాయి.

వీధి వ్యాపారుల విషయంలో చట్టమే ఒక ద్వారం తెరిచింది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా విక్రేతలు తమలో నుంచి ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. గాంధీ రోడ్డు, లీలామహల్ కూడలి వంటి చోట్ల బండ్లు ఎక్కడ నిలవాలన్నది పోలీసులూ అధికారులూ మాత్రమే తేల్చే విషయం కాదు. అలాగే తిరుమలకు రోజూ 60,000 మందికి పైగా యాత్రికులు వస్తారు. వాళ్లకు ఇక్కడ ఓటు లేదు, డివిజన్ లేదు, కానీ నీరు, చెత్త, మరుగుదొడ్లు, రద్దీ లెక్కల్లో వాళ్లూ ఈ నగరంలో భాగమే. బస్టాండులో, రైల్వే స్టేషనులో, అలిపిరిలో వాళ్ల అభిప్రాయం తీసుకునే ఏర్పాట్లకు సంఘాలు మద్దతు ఇవ్వాలి, లేకపోతే ప్రణాళికలోని జనాభా అంకె ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

వేరే నగరాల ఉదాహరణలు అడిగేవారి కోసం క్లుప్తంగా చెబుతాను. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె 1989లో పౌరులే బడ్జెట్ ప్రాధాన్యాలు తేల్చే పద్ధతి మొదలుపెట్టింది. అప్పటికి ఇంటర్నెట్ సామాన్యులకు అందలేదు, పేటల్లో సభలే ఆధారం. మన దేశంలో పూణే 2006 నుంచి వార్డు స్థాయి చిన్న పనులకు పౌరుల ప్రతిపాదనలు తీసుకుంటోంది. బార్సిలోనా 2016లో డెసిడిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అదే పనిని ఆన్‌లైన్‌లోకి తెచ్చింది. ఈ మూడింటిలో నేను గమనించినది ఒక్కటే: డబ్బులో కొంత భాగం మీద పౌరుల మాట చెల్లుతుందని ముందుగా ఒప్పుకున్న చోటే సాధనం పనికొచ్చింది. ఆ ఒప్పందం లేకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే తెచ్చుకుంటే అది సలహాల పెట్టెగా మిగిలిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. సంఘం వాట్సాప్ గుంపుల్లో ఆధార్ కార్డులు, పన్ను రశీదులు, ఫోను నంబర్లు పంచుకునే అలవాటును వెంటనే మానండి. కాంట్రాక్టరు మీద ఫిర్యాదు చేసినవారి నంబరు అదే కాంట్రాక్టరుకు చేరి, ఇంటికి వచ్చి వాదన పెట్టుకున్న సందర్భాలు నాకు తెలుసు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చినా, మన జాగ్రత్త మనకు ఉండాలి. పనులకు సంబంధించిన విన్నపాలన్నీ సంఘం పేరుతో, తీర్మానం నకలుతో పంపండి. వ్యక్తి పేరుతో వెళ్లినదాని కంటే దానికి బరువూ ఎక్కువే.

మీ కాలువ విషయానికి వస్తే, ముందుగా ఇంతవరకు పెట్టిన ఫిర్యాదుల నంబర్లు, తేదీలు, మూసివేత సందేశాలు ఒకే పట్టికలో రాసుకోండి. ఇకపై మూసేసిన ప్రతి ఫిర్యాదునూ, అవకాశం ఉన్నచోట, వాన పడిన రోజు ఫొటోతో తిరిగి తెరిపించండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి గనుక అంతకు ముందే వీధికి ఒకరిని ఎంచుకుని, ఏం రాసుకోవాలో అందరికీ ఒకే నమూనా ఇవ్వండి: చోటు, సమయం, మోకాలి లోతా పాదం లోతా, ఎటు నుంచి వచ్చింది, ఎప్పుడు తగ్గింది. నాలుగైదు వానల వివరాలు చేరిన తరువాత ఆ పట్టికను, కాలువ దిగువన ఉన్న కల్వర్టుల ఫొటోలను ఇక్కడ పెట్టండి. ఇంజినీరింగ్ విభాగానికి ఇవ్వవలసిన ప్రతిపాదనను ఎలా రాయాలో, ఏ కొలతలు తప్పనిసరిగా చేర్చాలో చూసి చెబుతాను.